విస్సన్నపేట టు లండన్... వయా అమరావతి!

‘ఆ బొమ్మలు మీరు చూశారా సార్?’

1980ల్లో ఎప్పుడో, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు మా నాన్నని అడిగిన ప్రశ్న ఇది. నాన్న సోషల్ మాస్టారు. విస్సన్నపేట, తిరువూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. శాతవాహనుల పాఠం వచ్చిన ప్రతి ఏడూ ‘అమరావతి స్తూపం శిల్పాల్లో చాలావాటిని లండన్ తీసుకుపోయారు, అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి’ అని ఒక్క వాక్యం చెప్పి, పేజీ తిప్పేసేవారు. ఆ ఏడు మాత్రం ఆ కుర్రాడు అడ్డం పడ్డాడు. ‘లేదురా, నేను చూళ్లేదు’ అన్నారట నాన్న. ‘మరి ఉన్నాయని ఎట్లా తెలుసు సార్?’ అన్నాడట వాడు. క్లాసంతా నవ్వింది. నాన్నా నవ్వారు. కానీ మర్చిపోలేదు. చిన్నప్పట్నుంచీ ఆ కథ ఎన్నిసార్లు విన్నామో! చెప్పిన ప్రతిసారీ చివర్లో ‘వాడన్నది నిజమేగా’ అనేవారు.

2023 దసరాకి ఊరెళ్లినప్పుడు ఒక సంగతి గమనించాను. గుమ్మం దాటుతూ నాన్న పక్కనే ఉన్న బిందెని తన్నుకున్నారు. అన్నం తింటూ మజ్జిగ గ్లాసుకోసం తడుముకున్నారు. చేతిలో పేపరు మాత్రం గడగడా చదివేస్తున్నారు. విజయవాడ తీసుకొచ్చి కంటి డాక్టరుకి చూపిస్తే గ్లకోమా అన్నారు. మన పెద్దవాళ్లు నీటికాసులు అంటారే, అది. కంటి నరం దెబ్బతిని చూపు పక్కలనుంచి తగ్గుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. రోజూ రాత్రి చుక్కలు వేసుకోవడం మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దన్నారు.

కారెక్కాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మైలవరం దాటాక, ‘కిటికీలోంచి చూస్తున్నట్టుందమ్మాయ్. పూర్తిగా మూసుకోలేదుగా, ఫర్వాలేదు’ అన్నారు.

ఆ రాత్రే మావారితో అన్నాను... లండన్ వెళ్దామని.

నిజం చెప్పొద్దూ, ‘విదేశీయాత్ర ప్లాన్ చేసుకోండిలా’ అంటూ ఇలాంటి పేజీల్లోనే నేను రాసిన వ్యాసాలు తక్కువేం కాదు. డెబ్భై దాటిన ఇద్దరు పెద్దవాళ్లని, తొమ్మిదేళ్ల పిల్లని వెంటబెట్టుకుని బయల్దేరాల్సి వచ్చేసరికి, నేను రాసిన సలహాల్లో సగం ఎందుకూ కొరగావని తెలిసింది!

అమ్మకి మూడు పేర్లు

అమ్మకి అసలు పాస్‌పోర్టే లేదు. అప్లై చేద్దామని కాగితాలు ముందేసుకుంటే ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒకటి, పొలం పాసుపుస్తకంలో ఇంకొకటి. ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఒకదాంట్లో అత్తింటిది, ఒకదాంట్లో చివర ‘అమ్మ’ ఉంది, ఇంకోదాంట్లో లేదు. ‘పిలిచేది మాత్రం అందరూ మాస్టారి భార్య అనే’ అని అమ్మ నవ్వింది. ఆ మూడింటినీ ఒక దారికి తెచ్చేసరికి రెండు నెలలు పట్టింది. పెద్దవాళ్లని తీసుకెళ్లాలనుకునేవాళ్లు టికెట్ల ధరలు చూడటం కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

వీసాకి వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్ వెళ్లాం. అమ్మ వేళ్లు మిషన్‌కి అందవే! యాభై ఏళ్లు చింతపండు పిసికి, మిరపకాయలు తొడిమలు తీసి, మామిడి జీడి అంటించుకున్న వేళ్లవి. గీతలన్నీ అరిగిపోయాయి. కౌంటర్లో అమ్మాయి ఎంత ఓపికమంతురాలో! ‘చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండమ్మా’ అని పంపించి మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. నాలుగోసారికి పడ్డాయి. ‘నా చేతులు లండన్‌కి పనికిరావేమో అనుకున్నా’ అంది అమ్మ బయటికొచ్చాక.

ఇక డబ్బు. ఊళ్లో మాకు నాలుగెకరాల మామిడితోట ఉంది. బంగినపల్లి, కలెక్టర్, గట్టున నాలుగు రసాల చెట్లు. ఏటా పూతమీదే తోటని గుత్తకిస్తారు. ఆ డబ్బు కూడబెట్టి మేడమీద ఒక గది వేయించాలని అమ్మకి పదేళ్లుగా కోరిక. ‘గది ఎప్పుడైనా వేసుకోవచ్చు’ అన్నది కూడా అమ్మే. గుత్త డబ్బు వాళ్లిద్దరి టికెట్లకీ, వీసాలకీ సరిపోయింది. మా ముగ్గురి ఖర్చులో కొంత మేం దాచుకున్నది, కొంత అప్పు. ఉండటానికి మాత్రం బెంగ లేదు. మా బాబాయి కూతురు, మరిది లండన్‌ని ఆనుకుని ఉన్న స్లౌలో ఉంటారు. ‘హోటలన్నావంటే మాట్లాడను అక్కా’ అంది చెల్లి. ఆ ఇల్లే లేకపోతే ఈ ప్రయాణమే లేదు. లండన్‌లో ఐదుగురికి పదిరోజులు హోటలంటే మా తోట రెండు కాపులు ఇచ్చినా చాలదు.

వెళ్లేముందు ఒక రిహార్సల్ కూడా చేశాం. ఇది మావారి ఆలోచన. 2024 సంక్రాంతి సెలవుల్లో అందరం అమరావతి వెళ్లాం. రాజధానికి పేరిచ్చిన ఊరు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు. రోజంతా నడిస్తే నాన్న మోకాళ్లు ఏమంటాయో, నేలమీద మెట్టు కనిపించకపోతే ఎవరు చెయ్యి పట్టుకోవాలో అక్కడే తేలుతుందని. గుడి చూసుకుని మహాచైత్యం దగ్గరికి వెళ్లాం. ఒకప్పుడు యాభై మీటర్ల వెడల్పున్న స్తూపం నిలబడ్డ చోట ఇప్పుడు గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియంలో కొన్ని శిల్పాలున్నాయి. అమ్మ దిబ్బ చుట్టూ ఒకసారి చూసి ‘ఏముందండీ ఇక్కడ?’ అంది. ‘ఏం లేదనే కదా లండన్ వెళ్తోంది’ అన్నారు నాన్న.

ఎవరి జాబితా వాళ్లది

లండన్‌లో చూడాల్సినవాటికి కాగితం తెచ్చిపెట్టాను. రోజుకి నాలుగు చొప్పున గంటలతో సహా. బిగ్ బెన్, రాణీగారి కోట, జెయింట్ వీల్, మైనపు బొమ్మలు, విండ్సర్... మావారికి లార్డ్స్ మైదానం. మా అమ్మాయికి ఈజిప్టు మమ్మీలు, కోహినూర్. అమ్మని అడిగితే ‘మీరెక్కడికంటే అక్కడికి’ అంది. నాన్న మాత్రం ఒక్కటే చెప్పారు. ‘33ఏ’ అని. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్న గది నంబరది. అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు. నేను ఆ గదిని మంగళవారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి గడిలో రాసుకున్నాను. ఒక గంట. ఒక గదికి గంట చాలదా అనుకున్నాను!

తేదీల దగ్గర ఇంకో మెలిక. 2024 మే 13న పోలింగ్. ఓటెయ్యకుండా నాన్న కదలరు. జూన్ 4న లెక్కింపు. అప్పటికి ఇంట్లో టీవీ ముందు ఉండాల్సిందే. ఎన్నికల డ్యూటీలు చేసిన మాస్టారు కదా. అలా మే 23న బయల్దేరి జూన్ 2కి తిరిగొచ్చేట్టు ఖాయమైంది.

సామాన్ల దగ్గర అమ్మతో యుద్ధమే. మాంసం, పాలు, నెయ్యి ఉన్న తినుబండారాలు అక్కడికి పట్టుకెళ్లడం కుదరదు. సున్నుండలు డబ్బాలోంచి తీసేయించాను. కనీసం నాలుగు రసాలైనా చెల్లికి పట్టుకెళ్దామంటారు నాన్న. బరువెక్కువవుతుందని అవీ వద్దన్నాను. చివరికి ఆవకాయ, కందిపొడి, చింతపండు మాత్రం మిగిలాయి. ఆవకాయ సీసాకి అమ్మ మూడు పొరల ప్లాస్టిక్ కవర్లు చుట్టి, పైన నాన్న పాత పంచె చుట్టింది. లండన్‌లో ఆ మూట విప్పుతుంటే చెల్లి ఏడ్చేసింది. ఆవకాయకో, పెదనాన్న పంచెకో తెలీదు.

సంజెపడని ఊరు

హైదరాబాద్ నుంచి నేరుగా పదిగంటల ప్రయాణం. మే నెలాఖరుకి లండన్‌లో రాత్రి తొమ్మిదింటిదాకా పొద్దు గుంకదు. మొదటిరోజు సాయంత్రం అమ్మ స్నానం చేసి, చెల్లి వాళ్ల పూజ అర ముందు దీపం పెట్టడానికి కూర్చుంది. ఏడైంది. బయట ఎండ. ఎనిమిదైంది. ఇంకా ఎండే. ‘ఈ ఊళ్లో సంజె ఎప్పుడు పడుతుందే?’ అని అడిగి అడిగి, అన్నాలు తిన్నాక తొమ్మిదింటికి దీపం పెట్టింది. నాన్న కంటి చుక్కలకి కూడా ఇదే తంటా. మనకీ వాళ్లకీ ఆ నెలల్లో నాలుగున్నర గంటల తేడా. ఏ రాత్రికి వెయ్యాలి? ఆ ఊరి రాత్రికే వేసుకోండని డాక్టరు ముందే చెప్పబట్టి సరిపోయింది.

మర్నాడు థేమ్స్ నది చూడ్డానికి వెళ్లాం. అమ్మ పైకి చెప్పలేదుగానీ ఆమె చూడాలనుకున్నది అదే. పొద్దున్నే వెళ్తే నీళ్లు లోపలికి తీసి, ఒడ్డంతా బురద. ‘దీనికా ఇంత పేరు? మన బందరు కాలువకి అన్నలా ఉంది’ అనేసింది. సాయంత్రం అదే వంతెన మీదుగా తిరిగొస్తుంటే గట్టు అంచులదాకా నిండు నది! అమ్మ ఆగిపోయింది. సముద్రపు పోటు లండన్ నడిబొడ్డుదాకా వస్తుందనీ, ఒక్కపూటలో నీరు ఏడు మీటర్లదాకా లేస్తుందనీ నాన్న చెప్పారు. ‘నది రోజుకి రెండుసార్లు పురుడు పోసుకుంటుందన్నమాట’ అంది అమ్మ. ఆ రోజు నా కాగితంలో ఉన్న నాలుగింట్లో మూడు చూడనే లేదు.

మంగళవారం మ్యూజియం. స్లౌ నుంచి ఎలిజబెత్ లైన్ రైలెక్కితే మారే పని లేకుండా టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు. 2022లో మొదలైన లైను. ప్రతి స్టేషన్లోనూ ప్లాట్‌ఫాం దాకా మెట్లెక్కకుండా లిఫ్టులున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లండన్‌లో ఇంతకన్నా ఉపకారం లేదు. 1759 నుంచీ జనానికి తలుపులు తెరిచిన మ్యూజియం అది. ఇప్పటికీ ప్రవేశం ఉచితం. లోపల పెద్ద అద్దాల కప్పు కింద నిలబడితే ఎటు వెళ్లాలో తెలీదు.

‘ముందు మమ్మీలు!’ అంది మా అమ్మాయి.

ఆ వారం అక్కడి బడులకి సెలవులు. ఆ సంగతి నేను చూసుకోలేదు. మమ్మీల గదుల్లో మన పుష్కరాల రేవులా ఉంది. ఆ జనంలో పక్కనుంచి వచ్చేవాళ్లు నాన్నకి కనిపించరు. ఎవరో ఒకరు తగులుతూనే ఉన్నారు, ఆయన సారీ చెబుతూనే ఉన్నారు. మమ్మీలయ్యాక రోసెట్టా శిల. ఆ తర్వాత అమ్మకి కాఫీ. అక్కణ్నుంచి భవనం వెనకవైపుకి దారి తప్పి, అడిగి, లిఫ్టు వెతుక్కుని, 33వ నంబరు పొడవాటి గది చివరికి చేరేసరికి గంట నాలుగూ నలభై. అద్దాల అవతల తెల్లటి రాళ్లు కనిపించాయి. నాన్న లోపలికెళ్లి మొదటి పలక ముందు నిలబడ్డారు. జేబులోంచి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకా పెట్టుకోనేలేదు, మూసే వేళైందని సిబ్బంది వచ్చి చెప్పారు. అయిదింటికి మూసేస్తారు. తప్పు నాదే.

తిరుగు రైల్లో ఎవరం మాట్లాడలేదు. నాన్నే, ‘పోన్లే అమ్మాయ్, ఉన్నాయిగా. చూశాను’ అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ కాగితం ముక్కలు చెయ్యాలనిపించింది.

బుధవారం టవర్ ఆఫ్ లండన్ టికెట్లు ముందే కొన్నాం కాబట్టి వెళ్లాం. పెద్దవాళ్లకి మనిషికి ముప్ఫై పౌండ్లు పైమాటే. కోహినూర్‌ని నిలబడి చూడనివ్వరు. కదిలే పట్టీ మీద నిలబడితే అదే ముందుకి తీసుకెళ్లిపోతుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం అది. ఆ కొల్లూరేమో ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. నాన్న చూపు సరిచేసుకునేలోగా పట్టీ దాటించేసింది. మళ్లీ వెళ్లి నిలబడ్డారు. మళ్లీ దాటించేసింది. ‘పోనిద్దూ, మా అమ్మ ముక్కుపుడక ఇంతకంటే మెరిసేది’ అంది అమ్మ.

ఆ రాత్రి చెల్లి చెప్పింది... శుక్రవారాలు మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నరదాకా తెరిచే ఉంటుందని. కానీ శుక్రవారం సాయంత్రానికి జెయింట్ వీల్ టికెట్లు కొనేశాను. డబ్బు వెనక్కి రాదు. ఐదుగురివి! రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుంటున్నా. మా అమ్మాయి నా పక్కన చేరి, ‘అమ్మా, చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కదా’ అంది. తాతయ్య కళ్ల గురించి దానికి మేమేం చెప్పలేదు. టికెట్లు చెల్లి స్నేహితురాలి కుటుంబానికి ఇచ్చేశాం.

బిడ్డ ఏడీ?

శుక్రవారం అయిదున్నరకి 33ఏ గదిలో ఉన్నాం. జనం పల్చగా ఉన్నారు. మూడు గంటలు మావే.

అవి పల్నాటి సున్నపురాతి పలకలు. పాలరాయి అని వాడుకలో స్థిరపడిపోయింది. స్తూపం చుట్టూ ప్రాకారంలా నిలబెట్టిన స్తంభాలు, వాటిమీద పెద్ద పెద్ద పద్మాలు, పైన అడ్డంగా సాగే పూలదండ. ఆ దండ మనం మెళ్లో వేసుకునేంత కాదు, చుట్టిన పరుపంత లావు. మనుషులు భుజాలమీద మోస్తుంటారు. ‘పెళ్లివారి పరుపులు మోస్తున్నారా?’ అంది అమ్మ మొదట.

నాన్న పలక మొత్తాన్ని ఒకేసారి చూళ్లేరు. ఆయనకి కనిపించేది మధ్యలో కొంచెం మేర. అందుకని ఆ పైమూలనుంచి మొదలుపెట్టి, తల కొంచెం కొంచెం తిప్పుతూ, పేజీ చదివినట్టు వరస తర్వాత వరస చూశారు. మేం ఒక్క చూపులో చూసేసి పక్కదానికి వెళ్లిపోయిన పలక దగ్గర ఆయన పావుగంట ఉన్నారు. వెనక్కి వచ్చి ఆయన చూపించినవి చూస్తే ఒక్కటీ మేం చూసుండలేదు. గుర్రం కళ్లెం, ఒకామె కాలి కడియాలు, కిటికీలోంచి తొంగిచూసే మనిషి. మా అమ్మాయి తాతయ్య చెయ్యి వదిలిపెట్టలేదు.

ఒక పలకలో నాలుగు దృశ్యాలున్నాయి. మాయాదేవి కల. ఆ కలకి అర్థం చెప్పడం. తర్వాత ఆమె చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. అది పురుడు. అమ్మ దానికి దగ్గరగా వెళ్లింది. చాలాసేపు చూసింది.

‘ఏమండీ, పురుడంటున్నారు, బిడ్డ ఏడీ?’

అద్భుతమైన ప్రశ్న. నాన్న మొహం వెలిగిపోయింది. ‘ఆ పక్కనున్న వాళ్ల చేతుల్లో గుడ్డ చూడు. గుడ్డమీద?’

అమ్మ కళ్లు చికిలించి చూసింది. చిన్న చిన్న అడుగుల గుర్తులు!

తొలిరోజుల్లో బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కేవారు కాదు. ఉన్నాడని చెప్పడానికి ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పాదాలు, చక్రం. ఇక్కడ పొత్తిగుడ్డ మీద పాదాల గుర్తులు పెట్టి బిడ్డ పుట్టాడన్నారు. ‘కృష్ణాష్టమికి మనం గుమ్మంలోంచి వేస్తామే, అట్లాగన్నమాట’ అంది అమ్మ. ఆ తర్వాత ప్రతి పలకలోనూ పాదాలు వెతకడం మొదలుపెట్టింది. మా అమ్మాయి ఇంకోటి కనిపెట్టింది. పూలు నిండిన కుండ. ‘తాతయ్యా, నీ పెన్షన్ కాగితాల మీద బొమ్మ!’ అని కేకేసింది. పూర్ణఘటం. మన ఆంధ్రప్రదేశ్ రాజముద్ర.

ఒక పలకకి రెండువైపులా చెక్కడం ఉంది. ఒకవైపు ఖాళీ సింహాసనం, చెట్టు. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఇంకెవరో శిల్పి అదే రాయిని తిరగేసి, వెనకవైపున స్తూపాన్నే చెక్కాడు. ప్రాకారం, గుమ్మం, సింహాలు, పైన ఎగిరేవాళ్లు అన్నీ ఉన్నాయి. మేం సంక్రాంతికి చూసిన గడ్డి దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలిసేది ఇలాంటి పలకలవల్లే. అమ్మ అక్కడ నిలబడి, ‘ఇదా అక్కడుండాల్సింది!’ అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఇక మాస్టారు పాఠంలోకి దిగారు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టించడం, ఇటుకలకోసం దిబ్బ తవ్వితే రాళ్లు బయటపడటం, 1798లో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూడటం. ఆయన మళ్లీ 1816లో వచ్చేసరికి చాలా రాళ్లు మాయం. ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. ఆ మెకంజీకి కుడిభుజంలా పనిచేసిన కావలి సోదరులు మన ఏలూరు వాళ్లు. ఆ తర్వాత కొన్ని రాళ్లు బందరు చేరాయి. అక్కడి బజారుకి అలంకారంగా పెట్టించిన రాబర్ట్‌సన్ దొర పేరుమీదే రాబర్ట్‌సన్‌పేట. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. ఏళ్ల తరబడి అక్కడ ఎండకి ఎండి, 1859లో ఓడెక్కాయి. లండన్ చేరాక కూడా పట్టించుకున్నవాళ్లు లేరు. 1860ల్లో ఫెర్గూసన్ అనే ఆయన ఒక బండ్ల కొట్టంలో పడి ఉన్నవాటిని చూసి, ఫొటోలు తీయించి పుస్తకం వేశాడు. 1880లో ఈ మ్యూజియానికొచ్చాయి. మిగిలినవి చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

నాన్న గొంతు క్లాసులోలా లేచింది. నేను కంగారుపడుతుంటే, వెనకాల ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నిలబడ్డారు. చదువుకోవడానికొచ్చిన తెలుగు పిల్లలు. కాసేపు విని ‘మీరు గైడా అండీ?’ అనడిగాడు ఒకడు. ‘కాదు బాబూ, మాస్టార్ని’ అన్నారు నాన్న.

‘ఇవి మనకి తిరిగి ఇచ్చెయ్యాలి కదా సార్?’ అన్నాడు రెండోవాడు. నేనూ అదే అడగాలనుకున్నాను. ఇవ్వడానికి వీల్లేకుండా 1963లో వాళ్లు చేసుకున్న చట్టం ఒకటుంది. నాన్న దాని గురించి చెప్పి, కాసేపాగి, ‘మనవాళ్లు కొన్నిటిని సున్నానికి కాల్చుకున్నారు. వీళ్లు కొన్నిటిని ఎత్తుకొచ్చారు. నాకు ఇద్దరిమీదా కోపమే’ అన్నారు. నా మటుకు నాకు ఆ పొత్తిగుడ్డ పలక కృష్ణ ఒడ్డున ఉంటేనే న్యాయం అనిపించింది. మన పిల్లలకి దాన్ని చూడ్డానికి వీసా అక్కర్లేకుండా ఉండాలి కదా! అమ్మ మాత్రం తన ధోరణిలో తాను ‘ఎక్కడున్నా తుడిచి పెడుతున్నారు, అంతే చాలు’ అంది.

ఎనిమిదింబావుకి మూసే పిలుపొచ్చింది. ఈసారి నాన్న వెనక్కి తిరిగి చూళ్లేదు. బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురే. మెట్లమీద ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘ఇంటికెళ్లేసరికి దీపం వేళవుతుందా?’ అనడిగింది అమ్మ.

విండ్సర్ వెళ్లలేదు. మైనపు బొమ్మలు చూళ్లేదు. లార్డ్స్ గేటు ముందు మావారు ఫొటో దిగారు.

లెక్కింపు రోజుకి నాన్న విస్సన్నపేటలో టీవీ ముందు ఉన్నారు. ఆ హడావుడి తగ్గాక, ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి తిరువూరు వెళ్తానన్నారు. ఒక్కణ్నీ పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను. ఎనిమిదో తరగతిలో ప్రశ్నేసిన ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి. తిరువూరులో ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. మమ్మల్ని చూసి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి నాన్న కాళ్లకి దణ్నం పెట్టాడు. కుర్చీ వేయించాడు. టీ చెప్పాడు.

‘చూశాన్రా’ అన్నారు నాన్న.

‘ఏంటి సార్?’

అతనికి గుర్తులేదు. నాన్న శాతవాహనుల పాఠం మొదలుపెట్టారు. యూరియా కోసం వచ్చిన ఇద్దరు రైతులు బస్తాలమీద కూర్చున్నారు.